కాలిన గాయమూ – నానో విజ్ఞానమూ

సావనీరుకి ఒక సైన్సు వ్యాసం ఇమ్మని సంపాదకులు అడిగినప్పుడు, నానో టెక్నాలజీ మీద నాలుగు మాటలు రాసి చేతులు దులుపుకుందామనే అనుకున్నాను. 1959 నాటి ఫైన్‌మన్ ప్రసంగంతో మొదలుపెట్టి, మన దేశంలో 2007లో ప్రారంభమైన నానో మిషన్ దాకా వస్తే రెండు పేజీలు నిండుతాయి. కాని ఆ వారంలోనే మా మేనత్తని చూడటానికి కాలిన గాయాల వార్డుకి వెళ్లవలసి వచ్చింది. తిరిగొచ్చాక ఆ వ్యాసం రాయబుద్ధి కాలేదు.

పొయ్యి దగ్గర ఆవిడ చీరకొంగు అంటుకుంది. భుజం, కుడిచెయ్యి కాలాయి. కొన్నాళ్లకి గాయం చీము పట్టింది. "కాలినప్పుడు ఒక్కసారేరా నొప్పి. కట్టు విప్పిన ప్రతిసారీ మళ్లీ కాల్చినట్టే ఉంటుంది" అంది. కాసేపాగి, "నువ్వేదో పెద్ద చదువు చదువుతున్నావుగా, దీనికేం కనిపెట్టలేదా మీరు?" అనడిగింది.

జవాబుంది. అది ఆవిడ మంచం దాకా రాలేదు. ఆ మాట ఎలా చెప్పను?

చర్మం మన ఒంటికి ప్రహరీగోడ. అది కాలి కూలితే సూడోమోనాస్, స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులు లోపలికి జొరబడతాయి. మాడిన కణజాలంలో రక్తప్రసారం ఉండదు కనుక సూదిమందు అక్కడికి సరిగా చేరదు. పైన పూసే మందే దిక్కు. 1965లో మోయర్ బృందం అర శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో తడిపిన కట్లు వాడింది. 1968లో ఫాక్స్ సిల్వర్ సల్ఫాడయజైన్ తెచ్చాడు. వార్డుల్లో కనిపించే తెల్ల మలాం అదే. దాన్ని రోజుకి ఒకటి రెండుసార్లు తుడిచి మళ్లీ పూయాలి.

ఇక్కడే నానో సంగతి వస్తుంది. ఒక సెంటీమీటరు ఘనం వెండి తీసుకోండి. తూకం తులం పైచిలుకు, ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్లు. దాన్నే పది నానోమీటర్ల ఘనాలుగా తరిగితే, ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. మన లెక్కలో ఏడు వందల గజాల స్థలం! సూక్ష్మజీవిని చంపేది వెండి అయాను. ఉపరితలం ఎంత ఎక్కువైతే అయాన్లు అంత ధారాళంగా వస్తాయి. అందుకే 1990ల చివరలో వచ్చిన నానో వెండి కట్లు కొన్ని మూడు రోజులు, కొన్ని వారం దాకా మార్చకుండా ఉంచవచ్చు. రోగికి దీని అర్థం ఒక్కటే: కట్టు విప్పే రోజులు తగ్గుతాయి. కాని వాటి ఖరీదు మలాం కన్నా ఎన్నో రెట్లు.

మరి మన ప్రయోగశాలల్లో జరుగుతున్నదేమిటి? ఏదో ఆకు కోసుకొస్తాం. కషాయం కాచి సిల్వర్ నైట్రేటులో కలుపుతాం. రంగు పసుపు నుంచి గోధుమకి తిరుగుతుంది. పెట్రి పళ్లెంలో సూక్ష్మజీవులు చచ్చిన వలయాన్ని స్కేలుతో కొలిచి, ప్రాజెక్టు రిపోర్టు కుట్టిస్తాం. చెప్పొద్దూ, నేనూ ఇదే చేశాను. నాది వేపాకు, మా సీనియర్‌ది తులసి. వచ్చే ఏడు మా జూనియర్ ఇంకో చెట్టు చూసుకుంటాడు!

పెట్రి పళ్లెం గాయం కాదు. గాయంలో ఉప్పు ఉంటుంది, ప్రోటీన్లుంటాయి. అవి వెండిని పట్టేసుకుంటాయి. సూక్ష్మజీవులు బయోఫిల్మ్ అనే జిగురు పొర కప్పుకుని దాక్కుంటాయి. వెండి మోతాదు మించితే కొత్తగా పుట్టే చర్మకణాలూ చస్తాయి. అసలు ప్రశ్నలు ఇవీ. ఇంకో ఆకు కోసినంతమాత్రాన వీటికి జవాబు రాదు.

వెండి సర్వరోగనివారిణి అని నేననడం లేదు. శుభ్రమైన చేతులు, సకాలంలో శస్త్రచికిత్స, చర్మం అతకడం – వీటికి నానో బదులు కాదు. కాలిన వెంటనే 20 నిమిషాలు పంపునీళ్లు పోయడం మానేసి, ఇంకూ టూత్‌పేస్టూ పూసే ఇళ్లకి ఏ టెక్నాలజీ ఏం చేస్తుంది? అది చెప్పడమూ మన పనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారు. ఇది ఏ ఒక్క ఇంటి గొడవా కాదు.

కనుక నా మనవి ఇది. అధ్యాపకులు ప్రాజెక్టు ఇచ్చేముందు ఒక్కసారి విద్యార్థిని వార్డుకి పంపాలి. అక్కడి డాక్టర్లనీ, కట్లు కట్టే నర్సులనీ అడిగి రమ్మనాలి. కట్టు ఎన్నాళ్లు నిలవాలి, గాయానికి అంటుకోకుండా ఊడి రావాలంటే ఏం చేయాలి, అరచేయంత గుడ్డ ఎంతలో తయారవుతుంది – ఇవి ప్రాజెక్టు అంశాలు కావాలి. రసాయన, సూక్ష్మజీవశాస్త్ర శాఖలు కలిసి పనిచేయాలి. మందుల కంపెనీల్లో, ఆసుపత్రుల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఆ తలుపులు మనకి తెరవాలి.

మా మేనత్త ఇల్లు చేరింది. చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేదు. పండక్కి వెళితే మళ్లీ అదే అడుగుతుందని నాకు తెలుసు. ఈసారైనా తల దించుకోకుండా నిలబడాలని ఉంది.