గేటు వద్ద మోతీ: కమిటీ వారికి ఒక విన్నపం

మన కళాశాల గేటు వద్ద కాపలా ఉండే చాచాకు మోతీ అనే కుక్క ఉన్నది. దానికి ఇంకా ఏడాది నిండలేదు. టీకాలు వేయించినారు, మెడకు పట్టీ కట్టినారు. డిసెంబరులో ఇది ఆటగా మీదికి ఎగురగా ఇంటరు చదివే ఒక సోదరి క్రిందపడి మోచేయి గీరుకున్నది. కుక్క కరవలేదు. ఐనను ఆమె చాలా భయపడినది. ఆమె తండ్రిగారు ఫిర్యాదు చేసినారు, అది న్యాయమైన ఫిర్యాదే. కుక్కను నెలాఖరులోగా పంపివేయవలెనని కమిటీ వారు చాచాతో చెప్పినారు. మేము గడువు కోరగా దయతో 40 రోజులు ఇచ్చినారు. ఆ 40 రోజులలో తెలిసికొన్నదే ఇక్కడ వ్రాయుచున్నాము.

"దాని ధ్యాస అంతా ఆట మీదనే, దానికి చదువేమిటి?" అని నవ్విన మిత్రులు ఉన్నారు. మొదటి వారం చూచిన వారెవరైనా అట్లే అనుకొందురు. ఇంటర్వెల్ సమయాన గేటు దగ్గర మేము ఆరుగురం చుట్టూ చేరి, ఒకరు "కూర్చో", ఒకరు "బైఠ్", ఒకరు "సిట్" అని అరచినాము. మోతీ ఒక్కొక్కరి ముఖం చూచి, వేపచెట్టు మీది ఉడుత వెంట పరుగెత్తినది. మాలో ఒకరు కోపం పట్టలేక చరచినారు. రెండు రోజులు అది వారి దరికి రాలేదు. అంతకు మించి అది నేర్చుకొన్నదేమీ లేదు.

తప్పు మాదని అప్పుడు తోచినది. చాచా ఇంట వాడే మాట "బైఠ్" కనుక ఆ ఒక్క మాటే ఉంచినాము. నేర్పే మనిషి ఒకరే. స్థలం చాచా గది వెనుక, గోడ తప్ప చూచుటకేమీ లేని చోటు. వేళ ఉదయం, మోతీ తిండి తినక మునుపు. పాఠం 3 నిమిషాలు, అంతే. శనగగింజంత రొట్టెముక్క ముక్కు ఎదుట పట్టి, మెల్లగా తల పైనుండి వెనుకకు జరిపితే, తల లేచి నడుము దానంతట అదే క్రిందికి వచ్చును. నేలకు తాకిన ఆ క్షణముననే ముక్క నోటికి అందవలెను. లేచిన తరువాత ఇచ్చితిమా, లేచినందుకే బహుమానమని అది గ్రహించును. అమెరికా శాస్త్రజ్ఞుడు థారన్‌డైక్ 1898లో పిల్లులను, కుక్కలను పెట్టెలలో ఉంచి పరీక్షించి చెప్పినదీ ఇదే. సుఖమైన ఫలితమిచ్చిన చేష్టను జంతువు మరల చేయును.

నాలుగవ రోజుకు గది వెనుక కూర్చొనుట వచ్చినది. గేటు వద్దకు తీసికొనిపోగానే అంతా మరచినది. కనుక పాఠాన్ని మెట్లు మెట్లుగా జరిపినాము: మొదట మైదానం మూల, తరువాత తరగతులు సాగే వేళ గేటు, చివరకు గంట కొట్టే వేళ గేటు. తప్పినప్పుడు తిట్టక, ఒక మెట్టు వెనుకకు వెళ్ళినాము.

ఉడుత సంగతి మాత్రం రొట్టెతో తీరలేదు. జంతువుకు పుట్టుకతో వచ్చిన అలవాటు నేర్పిన దానిని త్రోసివేయుట కలదు. బ్రెలండ్ దంపతులు 1961లో దీనినే వ్రాసినారు. నాణెం పెట్టెలో వేయుమని నేర్పిన రాకూన్ అనే జంతువు, నాణేలను వేయక చేతులతో రుద్దుకొనుచు కూర్చున్నదట! మోతీకి పరుగే ప్రాణం. కావున పరుగునే జీతం చేసినాము. కూర్చొని ఆగితే పాత టెన్నిస్ బంతి విసరుట. బాంబుల వాసన పట్టే జాగిలాలలో అనేకం బంతి కొరకే పని చేయునని తరువాత తెలిసినది. రొట్టెకు చూడని మోతీ బంతికి కన్నార్పక చూచినది.

కొందరు మిత్రులు దానికి ముందు కాలెత్తి సలాం చేయుట నేర్ప మొదలిడినారు. చూచుటకు ముచ్చటే. కాని మీదికి ఎగిరే కుక్కకు కాలెత్తుట నేర్పుట మాకు సమ్మతం కాదు, మాన్పించినాము. వారికి ఇంకను మా మీద కోపమే. విద్యార్థి మిత్రులకు మరొక మాట. మోతీ ఎగిరినప్పుడు నవ్వి బిస్కట్ వేసే వారే దానికి ఎగురుట నేర్పుచున్నారు. నాలుగు కాళ్ళు నేల మీద ఉన్నప్పుడే వేయుడు.

దాచక చెప్పవలెనన్న, రోడ్డు మీద మేకలు పోవునప్పుడు మోతీ నేటికిని అన్నీ మరచును. అందుచేత గంట వేళలలో గొలుసుతో ఉంచుటకు చాచా ఒప్పుకొన్నారు.

వార్షికోత్సవం తరువాత జరిగే సమావేశంలో నిర్ణయం చేయుదుమని కమిటీ వారు అన్నారు. ఆ సోదరి అభిప్రాయం ముందు అడుగుడని మా కోరిక. ఆమె వద్దన్నచో మేము మారు మాటాడము, మోతీని చాచా బంధువుల ఊరికి పంపుదురు. అంతకు ముందు ఒక్కసారి కమిటీ పెద్దలు సాయంకాలం ఆఖరి గంటకు గేటు వద్ద నిలిచి చూడవలెను. చేతిలో బిస్కట్ లేకుండ రావలసినదిగా ప్రార్థన.