అరలు ఖాళీ చేసే ముందు

ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ సైన్స్ లైబ్రరీ కొన్నేళ్లు మూతపడి, కొత్త హంగులతో 2023లో మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు ఆ భవనంలో రూబెన్ కాలేజీ కూడా ఉంటోంది. పుస్తకాల అరలు తగ్గాయి, కూర్చుని పనిచేసుకునే చోటు పెరిగింది. అంత పేరున్న విశ్వవిద్యాలయమే అలా చేస్తే మనకీ పాత జర్నళ్ల గోదాము ఎందుకని మన క్యాంపస్‌లలోనూ అడిగేవాళ్లున్నారు. ఆ మాట అనే ముందు ఆ లైబ్రరీ కథ మొదటినుంచీ తెలుసుకోవాలి.

జాన్ రాడ్‌క్లిఫ్ రాజకుటుంబానికి వైద్యం చేసి బాగా గడించిన డాక్టరు. పుస్తకాల పురుగు మాత్రం కాదు. వయసులో ఉన్నప్పుడు నీ లైబ్రరీ ఏదయ్యా అని ఎవరో అడిగితే కొన్ని మందుసీసాలు, ఒక అస్థిపంజరం, ఒక మూలికల పుస్తకం చూపించాడని చెబుతారు. అలాంటి మనిషి 1714లో పోతూ పోతూ ఆక్స్‌ఫర్డ్‌లో గ్రంథాలయం కట్టమని 40,000 పౌన్లు రాసిపెట్టాడు. ఆ వీలునామాలో నన్ను ఆకట్టుకునేవి మరో రెండు అంకెలు. ఏటా పుస్తకాలు కొనడానికి 100 పౌన్లు, లైబ్రేరియన్ జీతానికి 150 పౌన్లు. పుస్తకాలకన్నా వాటిని చూసుకునే మనిషికే ఎక్కువ కేటాయించాడు. మూడు వందల ఏళ్ల కిందటి ఆ లెక్క మన పాలకమండళ్లకు ఇప్పటికీ ఒంటబట్టలేదు.

ఆ డబ్బుతో కట్టిన రాడ్‌క్లిఫ్ కెమెరా అనే గుండ్రటి భవనం 1749లో తెరుచుకుంది. అందులో ఏ పుస్తకాలు ఉంచాలన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన జేమ్స్ ఫ్రేజర్ పోగుచేసిన సంస్కృత, పారసీ రాతప్రతులు కూడా అక్కడికే చేరాయి. చివరికి 1811 ప్రాంతంలో ధర్మకర్తలు ఒక దారి పట్టారు. ఇకమీదట కొనేవి వైద్యం, ప్రకృతి శాస్త్రాల పుస్తకాలేనన్నారు. అసలు సైన్స్ లైబ్రరీ పుట్టింది అప్పుడే.

1851లో లైబ్రేరియన్‌గా వచ్చిన హెన్రీ ఆక్లండ్ కూడా డాక్టరే. ప్రయోగశాలలు ఒకచోట, పుస్తకాలు ఇంకోచోట ఉంటే చదువు సాగదని ఆయన నమ్మాడు. ఊరి చివర విశ్వవిద్యాలయ మ్యూజియం కట్టించడానికి పట్టుబట్టిన వాళ్లలో ఆయన ఒకడు. 1860 జూన్ 30న డార్విన్ సిద్ధాంతం మీద హక్స్‌లీ, బిషప్ విల్బర్‌ఫోర్స్ తలపడ్డ సభ జరిగింది ఆ మ్యూజియంలోనే, లైబ్రరీ కోసం కట్టిన పొడవాటి గదిలో. అప్పటికింకా పుస్తకాలు రాలేదు. మరుసటి ఏడాది వచ్చాయి. అందమైన భవనాన్ని వదులుకుని, శాస్త్రవేత్తలు పనిచేసే చోటికి పుస్తకాలు తరలి వెళ్లాయి. ఈ రెండు శతాబ్దాల కథలో నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన పని అదే.

తర్వాత 1901లో డ్రేపర్స్ కంపెనీ అనే వస్త్రవ్యాపారుల సంఘం విరాళంతో సొంత భవనం వచ్చింది. 1927లో లైబ్రరీ ఆక్స్‌ఫర్డ్ ప్రధాన గ్రంథాలయమైన బాడ్లియన్‌లో కలిసింది. ఈ కలయిక చాలా ముఖ్యం. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు తమకు ఇచ్చేలా థామస్ బాడ్లీ 1610లోనే లండన్ ముద్రాపకుల సంఘంతో ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత అది చట్టమైంది. 2010లో స్విండన్ దగ్గర పెద్ద నిల్వ కేంద్రం కట్టారు. అరమీద లేని సంపుటం కావాలంటే అక్కడినుంచి వ్యానులో వస్తుంది. అంటే ఆక్స్‌ఫర్డ్ అరలు తగ్గించింది కానీ పుస్తకాలను పోగొట్టుకోలేదు.

మన సంగతి వేరు. 1954 చట్టం ప్రకారం మన ప్రచురణకర్తలు కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా వంటి నాలుగు గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. విదేశీ జర్నళ్లు దాని కిందికి రావు. డాలర్లకు కటకటగా ఉన్న రోజుల్లో మన విశ్వవిద్యాలయాలు ఒక్కో సంచిక తెప్పించి, ఏడాదివి ఏడాదికి క్యాలికో అట్టలతో బైండు చేయించి, వీపు మీద బంగారు రంగు అక్షరాలతో సంవత్సరం వేయించి దాచినవి అవి. కెమిస్ట్రీలో పరిశోధన చేసిన పెద్దలను అడగండి. కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సూచికలో పదార్థం పేరు వెతికి, సంఖ్య రాసుకుని, ఆ సంపుటం దించి, నాలుగు వాక్యాల సారాంశం చదివి, అసలు వ్యాసం కోసం మళ్లీ జర్నళ్ల వరుసలోకి నడిచేవారు. 2010లో కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ అచ్చు ఆగిపోయింది. ఆ పనంతా కంప్యూటర్ క్షణంలో చేస్తుంది, మంచిదే. ఆ వెతుకులాట తిరిగి రావాలని నేను అనడం లేదు.

జర్నళ్లను అన్ని సంస్థలకూ ఉమ్మడి చందాతో అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని కూడా మనసారా స్వాగతిస్తాను. 2024 నవంబరులో కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు 6,300 ప్రభుత్వ సంస్థలకు అందుతాయన్నది లెక్క. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల క్యాంపస్‌లో చదివే అమ్మాయికి బెంగళూరు విద్యార్థికి దొరికిన వ్యాసమే దొరకడం చిన్న విషయం కాదు. కానీ చందా అంటే అద్దె ఇల్లు. గడువు తీరాక మన చేతిలో ఏం మిగులుతుందో ఒప్పందంలోని షరతులే చెప్పాలి. బైండు చేసిన సంపుటానికి ఏ షరతూ లేదు. పైగా చిన్న చిన్న శాస్త్ర సంఘాల పత్రికలు, డిపార్ట్‌మెంట్ బులెటిన్లు, పాత సర్వే నివేదికలు, మ్యాపులు అన్నీ ఆన్‌లైన్‌లోకి రాలేదు. వాటిని కాటా లెక్కన అమ్మేస్తే మళ్లీ తెచ్చుకునే దారి లేదు.

అందుకే వైస్‌చాన్సలర్లకు నాదొక విన్నపం. స్థలం చాలడం లేదంటే అరలు తగ్గించండి, కుర్రాళ్లకు కూర్చునే చోటివ్వండి. కానీ ఒక్క సంపుటం బయటికి పోయేముందు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఉమ్మడి కేటలాగులో అది దేశంలో ఇంకెక్కడుందో చూడండి. ఎక్కడా లేకపోతే దాచండి. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఒక నిల్వ కేంద్రం కట్టుకున్నా తప్పులేదు. ఇవన్నీ చూడటానికి మనిషి కావాలి కాబట్టి, ముందుగా ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులు భర్తీ చేయండి.