మూగజీవికి మూర్ఛ వస్తే

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట ఓ రాత్రి కుక్క రాజు పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకోసాగింది. నోట నురగ! మా ఆవిడ తాళంచెవుల గుత్తి తెచ్చింది. నాలుక మింగేస్తుందేమోనని నేను నోట్లో వేలు పెట్టబోయాను. ఎల్‌బీ నగర్ నుంచి వచ్చిన పశువైద్యులు మా బావగారు ఆపారు.

"నాలుక మింగదోయ్, నీ వేలే పోతుంది. బల్ల జరుపు, దీపం ఆర్పు, గడియారం చూడు."

రెండు నిమిషాల్లో తగ్గింది. 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో మళ్లీ వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలట. ఫినోబార్బిటాల్ మాత్రలు మొదలుపెట్టాక, తగ్గింది కదా అని మనంతట మనం మానితే మూర్ఛ మరీ విజృంభిస్తుందట. పిల్లులున్నవారూ, వినండి: కుక్కల పిడుదులకు రాసే పెర్మెత్రిన్ పిల్లికి విషం; మూర్ఛ తెప్పిస్తుంది.

ఆనాటినుంచి మా ఇంట తాళంచెవులు తలుపులకే. మూర్ఛకు గడియారం!