ట్రాకు తీర్పు రోడ్డుకు చెల్లదు

రోడ్డుమీదను ట్రాకుమీదను ఒక్క కారే నడుపుకొనవలెనను కోరిక గలవాడు, తేలికపాటి స్పోర్ట్సు కార్లు రెంటిని ముందుంచుకొని ఏది కొనవలెనని నలుగురిని అడిగినచో, ట్రాకును ఏది తక్కువ కాలములో చుట్టివచ్చునో దానినే కొనుమని చెప్పుట నేటి పరిపాటి. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఈ మాటే చెప్పుదురు. టెక్సాసునుండి సంక్రాంతికి వచ్చిన పెద్దన్నలు ఈ మాటే చెప్పుదురు. కృష్ణపట్నము రేవులో క్రేను నడుపు కుర్రవాడును, నెల్లూరు ఆటోనగరులో స్ప్రింగులు కోసి స్విఫ్టు కార్లను నేలకు దించి యిచ్చు మేస్త్రియు ఈ మాటే చెప్పుదురు. వీరి తర్కము వినుటకు ఇంపుగనే యుండును: ట్రాకు కఠినమైన పరీక్ష, రోడ్డు సులభమైన పరీక్ష, కఠినమైన దానిలో నెగ్గినది సులభమైన దానిలో ఓడునా? ఇంతమంది ఏకకంఠముగ పలుకు ఈ సిద్ధాంతమునకు పునాదియే తలక్రిందులుగ నున్నదనియు, రెంటిలో కఠినమైన పరీక్ష రోడ్డేయనియు నా వాదము.

వాదము గాలిలో తేలిపోకుండుటకు రెండు కార్లను పేరుపెట్టి చెప్పుదును. ఒకటి ఇంగ్లాండులోని లోటస్ కంపెనీ 1996లో అమ్మకమునకు దించిన ఎలీస్. రెండవది జపానులోని మాజ్డా కంపెనీ 1989లో లోకమునకు చూపిన ఎం.ఎక్స్.-5, అమెరికాలోని మనవారు మియాటా యని పిలుచుకొనునది. ఈ చర్చ ఎక్కడ రేగినను తిరిగి తిరిగి ఈ రెంటివద్దకు వచ్చుటలో వింత లేదు. ఏలయన రెండును ఇద్దరే కూర్చుండదగినవి, కప్పు తీసివేయదగినవి, వెనుక చక్రములతో నడుచునవి. ఆదిరూపములలో రెంటి ఇంజనుల శక్తియు ఇంచుమించు సమానము, ఎలీసుకు 118 అశ్వశక్తులు, మాజ్డాకు 115 ప్రాంతము. భేదమంతయు బరువులో నున్నది. ఎలీస్ 725 కిలోల ప్రాంతము తూగగా మాజ్డా 950 కిలోల ప్రాంతము తూగును. అనగా సమానమైన సత్తువగల ఇద్దరు పరుగెత్తుచుండగా అందొకని నెత్తిన ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తాలు తొమ్మిది పెట్టినట్లు. ఎలీసునకు ఆ తేలికదనము ఊరక రాలేదు. అల్యూమినియము పట్టెలను వెల్డింగు చేయక జిగురుతో అతికించి కట్టిన దాని చట్రము 70 కిలోలకు లోపే. దానిపైని దేహము ఫైబరు. ఇంజను సీట్లకు వెనుక, వెనుక ఇరుసునకు ముందు. తొలిరూపమున బ్రేకులకు సర్వో సహాయము గాని స్టీరింగునకు పవరు గాని లేవు. శక్తిని పెంచుటకంటె బరువును తీసివేయుట మేలని జీవితాంతము నమ్మిన కోలిన్ చాప్‌మన్ స్థాపించిన కంపెనీకి ఇది తగిన సంతానమే. మాజ్డా దేహము ఉక్కు. ఇంజను ముందు భాగముననే యున్నను ముందు ఇరుసునకు వెనుకకు జరిపి యుంచిరి గనుక బరువు రెండు ఇరుసులపై దాదాపు సమముగ పడును.

ట్రాకుమీద ఎలీస్ గెలుచును. దీనిని నేను కాదనను. కాదన్నవాడు తూకమును కాదన్నవాడగును. వేగము రెట్టింపైనచో ఆపుటకు బ్రేకులు మ్రింగవలసిన వేడిమి నాలుగింతలగునని చదువుకొన్న ప్రతి బాలునికి తెలియును గదా. ఆ వేడిమికి బరువు సూటిగ గుణకమైనందున, 725 కిలోల కారు బ్రేకులు చుట్టు వెంట చుట్టు చల్లగ నుండి, 950 కిలోల కారు బ్రేకులు కమురువాసన కొట్టుట సహజము. మలుపులో టైరుపై పడు భారమునకును ఇదే న్యాయము. శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగాట్టుకోట్టైలో 1990లో తెరచిన మద్రాసు ట్రాకున, 3.7 కిలోమీటర్ల చుట్టులో పండ్రెండు మలుపులు గలచోట, ఒకే నేర్పు గలవారు ఈ రెంటిని నడిపినచో ఏది ముందు వచ్చునో పందెము కాయనక్కరలేదు.

అయితే ఆ ట్రాకువద్దకు పోవుట యెట్లు? పూర్వపక్షము వారు ఈ ప్రశ్నను అడుగనే అడుగరు. కృష్ణపట్నమునుండి బయలుదేరినవాడు ముందుగ బొగ్గు లారీల వెంట, నూనె ట్యాంకర్ల వెంట, థర్మల్ కేంద్రపు బూడిద మోయు బల్కర్ల వెంట ముత్తుకూరు దాటవలెను. ఆపై గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడల మీదుగ 16వ నంబరు హైవేపై మద్రాసు పొలిమేరకు చేరి, నగరమును చుట్టి, బెంగుళూరు దారి పట్టవలెను. మొత్తము దాదాపు 200 కిలోమీటర్లు, తిరిగి వచ్చుటకు మరి 200. ట్రాకుమీద ఆ దినమున చుట్లు తిరుగు దూరము నూరు కిలోమీటర్లు దాటినచో అది పెద్ద దినమే. కాబట్టి ట్రాకు కొరకే కొన్నానని చెప్పుకొను కారుగూడ, ట్రాకునకు పోయిన నాడు సైతము, అధిక భాగము రోడ్డుమీదనే నడుచును. తక్కిన దినముల సంగతి చెప్పనేల?

ఇక కాఠిన్యము మాట. ట్రాకు నున్నగ నుండును. దాని మలుపులు నేటి ఉదయ మెట్లున్నవో రేపటి ఉదయము నట్లే యుండును. అందరును ఒకే దిక్కునకు పోవుదురు. ఎవడైన జారిపడినచో జెండా యూపువాడు కలడు, అంబులెన్సు కలదు, జారినవానికి ఇసుకమేట కలదు. మన హైవేమీద వరికోతల కాలమున ఒక వరుస నిండ ధాన్యము ఆరబోసి యుండును. రాంగు రూటులో ఆటో వచ్చును. రంగు వెలిసిన స్పీడు బ్రేకరు చీకటిలో కనబడదు. ఈశాన్య ఋతుపవనము పట్టిన అక్టోబరునుండి డిసెంబరు వరకు గుంట యేదో నీరేదో తెలియదు. ఈ రెండు కార్లును లారీ చక్రముకంటె జానెడు మాత్రమే ఎత్తు గనుక, ప్రక్కనున్న లారీ డ్రైవరునకు మనము ఉన్నామన్న సంగతియే తెలియదు. ఈ చివరి ఆపద రెంటికిని సమానమే, అందు మాజ్డాకు నే నిచ్చు మినహాయింపు లేదు. కాని మిగిలినవన్నియు మనిషి ఓర్పును, స్ప్రింగుల ఓర్పును పరీక్షించునవి. ఎలీస్ గుమ్మము వంటి వెడల్పైన అంచును దాటి లోపలికి దిగుటకే నడుము వంగవలె నన్నప్పుడు, టోలు గేటు వద్దను, టీ దుకాణము వద్దను, పెట్రోలు బంకు వద్దను ఆ విన్యాసము ఎన్నిమారులు చేయవలెనో ఊహింపుడు. కఠినమైన పరీక్ష ఏదో చదువరియే నిర్ణయించును గాక.

సముద్రతీరవాసులకు మరియొక లెక్క యున్నది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్-4 రకము కొత్తదిగ నున్నప్పుడు 230 డిగ్రీల వరకైన మరుగరాదని నియమము. తేమ పీల్చిన తరువాత ఆ నియమము 155 డిగ్రీలకు దిగును. ఉప్పుటేరు ప్రక్కన, బకింగుహాము కాలువ ప్రక్కన నివసించువాని కారులో ఈ పతనము మరింత త్వరగ జరుగును. ట్రాకుమీద పెడలు నేలకంటుకొనిపోయిన వాడు కంపెనీని దూషించుటకు ముందు డబ్బాలోని నూనె వయస్సు అడిగి తెలిసికొనవలెను. ఇక ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పట్టుననియు, మాజ్డా తలుపుల క్రింది అంచులు వెనుక చక్రముల దాపున చివికిపోవుననియు లోకమెరుగును. అల్యూమినియమునకు ఆ తుప్పు లేదు గదా యని ఎలీస్ పక్షమువారు విజయము చాటవచ్చును. తొందరపడరాదు. ఉక్కు బోల్టు అల్యూమినియమును తాకినచోట ఉప్పునీరు చేరెనా, రెండు లోహముల నడుమ విద్యుచ్చర్య పుట్టి అల్యూమినియమే తిని వేయబడును. అంతకంటె ముఖ్యము: తుప్పు పట్టిన ఉక్కును కోసి కొత్త రేకు అతికి రంగు వేయుట నెల్లూరులో డెంటింగు పని తెలిసిన ప్రతి మేస్త్రికిని వచ్చును, జిగురుతో అతికిన అల్యూమినియము చట్రము వంగినచో సుత్తితో సరిచేయు విద్య భూలోకమున లేదు, చట్రమునే మార్చవలెను. ట్రాకుమీద అది వంగు అవకాశము ఏడాదికి రెండు మూడు దినములు. రోడ్డుమీద ప్రతి దినము.

మాజ్డా మెత్తని కారనియు, మలుపులో ఒరుగుననియు, మగవాడు నడుపదగినది కాదనియు ఒక నింద కలదు. మగతనపు మాటకు జవాబు చెప్పుట కాలహరణము. ఒరుగుట నిజమే, ఒరిగి, తాను జారబోవుచున్నానని ముందుగ తెలిపి, పిదప మెల్లగ జారును. సీట్ల వెనుక ఇంజను గల కారు అట్లు కాదు. బరువంతయు నడుమున గూడియున్నందున అది ఎంత చురుకుగ తిరుగునో అంత చురుకుగ తిరిగిపోవును. మలుపు నడుమ భయపడి యాక్సిలరేటరుపైనుండి కాలు తీసినవానికి వెనుక భాగము ముందుకు వచ్చి పలకరించును. ఆరితేరినవానికి అది ఆయుధము, నేర్చుకొనువానికి అది శిక్ష. మన పిల్లలలో నూటికి తొంబదిమందికి పైగ నేర్చుకొనువారే. ట్రాకునకు మాజ్డా తగదనువారు అమెరికాలో స్పెక్ మియాటా యను పందెముల తరగతిని చూడవలెను. ఆ దేశపు క్లబ్బు పందెములలో అంతటి ఆదరణ గల తరగతులు కొద్ది. వేలకొలది ఔత్సాహికులు నేర్చినది ఈ మెత్తని కారుమీదనే.

అసలు విషయ మొకటి చెప్పి తీరవలెను. ట్రాకుమీద మాజ్డాకు గల లోపములకు మందులు దుకాణములో దొరకును: మంచి ప్యాడ్లు, కొత్త బ్రేకు నూనె, పట్టు గల టైర్లు, గట్టి యాంటీరోలు బారు, తల కాచు ఇనుప వంకె, వీనితో చుట్టు కాలము తగ్గును, ప్రాణము నిలుచును. రోడ్డుమీద ఎలీసునకు గల లోపములకు, అనగా ఎక్కుటలోని ప్రయాసకు, సామాను పట్టని ఇరుకునకు, వంగిన చట్రమునకు, విడిభాగము కొరకు నెలల నిరీక్షణకు మందు లేదు, బరువు పెంచక దొరకదు. బరువు పెంచినచో అది ఎలీసే కాదు. కుదుర్చుకొనదగిన లోపము గలదానిని విడిచి, కుదరని లోపము గలదానిని ఎన్నుకొనుమని మనవారు సలహా యిచ్చుచున్నారు.

"ఈ రెండును మనదేశమున అమ్మబడవు గదా, ఈ రభస యెందుకు?" అని అడుగువారుందురు. నిజమే. పాతకారు దిగుమతి చేయవలెనన్న అది మూడేండ్లలోపుదై, కుడివైపు స్టీరింగు గలదై, బొంబాయి రేవునుండియే రావలెనని నియమము. ఎలీస్ ఉత్పత్తి 2021లోనే ఆగినది గనుక ఆ ద్వారము మూతపడినది. కాని అభిప్రాయము కారుకంటె ముందు దిగుమతియైనది. డల్లాసులో కారు కొను మనవాడు ఈ అభిప్రాయముతోనే కొనుచున్నాడు. ముత్తుకూరులో స్విఫ్టు స్ప్రింగులు కోయించువాడు ఈ అభిప్రాయముతోనే కోయించుచున్నాడు, కోయించి, ప్రతి బ్రేకరు మీద సైలెన్సరు రాచుకొనుచు పోవుచున్నాడు. మనదేశముననే పుట్టిన జంటకును ఇదే అన్యాయము జరిగినది. గోవాలో చేసిన సాన్ స్టార్మ్ అను రెండు సీట్ల ఫైబరు కారును, 1149 సి.సి. రెనో ఇంజనులో 60 అశ్వశక్తులే యున్నవని నవ్వి త్రోసివేసిరి. లోటస్ సెవెన్ పోలికతో, ఇసుజు 1.8 లీటర్ల ఇంజనుతో చేసిన చింకారా రోడ్‌స్టరును వీరుడని పొగడిరి. పొగడినవారిలో ఎందరు దానిని ఒక వర్షాకాలము నడిపిరో!

పేరు చూచి మోసపోవువారికి ఒక ముచ్చట. లోటస్ కంపెనీ అధికారికముగ మనదేశమున అడుగుపెట్టినది 2023 నవంబరులో. తెచ్చినది ఎలెట్రే అను విద్యుత్తు ఎస్.యు.వి.; ధర 2.55 కోట్లనుండి, బరువు రెండున్నర టన్నుల ప్రాంతము. చాప్‌మన్ ఆత్మ దానిని ఏ కాటాపై తూచుకొనుచున్నదో తెలియదు.

పాతకాలమున పరిస్థితి వేరు. మద్రాసు పోవు నెల్లూరువానికి దారిలోనే తగులు షోలవరములో, రెండవ ప్రపంచయుద్ధపు విమానాల రన్‌వేమీద, మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు దశాబ్దములపాటు పందెములు నడిపిరి. అందు రాజుల విదేశీ యంత్రములతోబాటు, వీధులలో తిరుగు ఫియట్లును హెరాల్డులును మార్పుచేర్పులతో పరుగెత్తినవి. రోడ్డు కారు ట్రాకునకు పోయి పరువు దక్కించుకొనుట ఈ నేలకు కొత్త గాదు.

చివరకు పూర్వపక్షమువారు ఒక ఉపాయము చెప్పుదురు: ఎలీసును నడుపుకొని పోనక్కరలేదు, ట్రెయిలరు మీద కట్టి తీసికొనిపోవచ్చునని. మంచిదే. కాని ట్రెయిలరు ఎక్కినదానికి నంబరు ప్లేటు ఎందుకు, హారను ఎందుకు, రెండవ సీటు ఎందుకు? 1980ల చివరనే కోయంబత్తూరులో కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కారును చేసి చూపెను. నేటికిని మారుతి ఇంజనులతో పరుగెత్తు ఒంటిసీటు కార్లు ఆ ఊరినుండియే వచ్చుచున్నవి. అవి ఎలీసుకంటె ఎంతో తేలిక. వాని ఇంజనుల భాగములు నెల్లూరు ట్రంకురోడ్డులోనే దొరకును. ట్రెయిలరు కొనగలవాడు వానినే కొనవలెను.