రాక్షస గుళ్ళా? పూర్వుల సమాధులా?

వస్తువు పేరే దాని రక్షణకు మొదటి కంచె యని మా అభిప్రాయము.

ములుగు జిల్లాలోని దామెరవాయి వద్దను, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని జానంపేట వద్దను బండలను గోడలుగా నిలిపి, పైన మరియొక బండను కప్పుగా వేసిన కట్టడములు పెక్కు గలవు. జనులు వీనిని రాక్షస గుళ్ళందురు. ఇవి రాక్షసులవి కావు; గుళ్ళును కావు. ఇనుము వాడుక నెరిగిన మానవులు తమ మృతులకు కట్టిన సమాధులు. తెలంగాణలో తవ్విన ఇట్టి సమాధులలో ఎముకలు, నలుపు ఎరుపు రంగుల మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు లభించినవి.

పండితుల పేర్లును దోషరహితములు కావు. 'బృహత్ శిలాయుగము' అనగానే విద్యార్థి రాతిపనిముట్ల కాలమని భ్రమపడును; మన దేశమున నిది ప్రధానముగా ఇనుపయుగమే. 'క్రామ్‌లెక్' అను మాట ఆంగ్లేయులకు కప్పుబండ గల సమాధి, ఫ్రెంచివారికి రాళ్ళ వలయము. ఇక 'మెన్హిర్' అనగా బ్రెటన్ భాషలో పొడవురాయి. 'డోల్మెన్' అనగా రాతిబల్ల. అవి ఆ సీమ ప్రజల సామాన్యపు మాటలే. వారి పొడవురాయి శాస్త్రపదము కాగా, మన 'నిలువురాయి' ఏల కారాదు?

మన ఆసిఫాబాదు సీమలోని గోండు సోదరులు రాతిని 'కల్' అందురు. మన సన్నికల్లులోని కల్లును అదియే. బస్తరులోని మాడియా గోండులు మృతుల స్మృతికై రాళ్ళు నిలుపుట ఇరువదవ శతాబ్దమునను పరిశోధకులు కన్నులార చూచిరి. ఇరుగుపొరుగు వారి ఆచారమును పోలిన దానిని రాక్షసకృత్య మనుట న్యాయమా?

నారాయణపేట జిల్లాలోని ముడుమాలు నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. ప్రతి రాతికిని అట్టి భాగ్యము కలుగదు. రాక్షసుల గుడి యన్నచోట నిధికై వెదకువాడు గడ్డపార తెచ్చును. ఉత్త బండ యన్నచోట క్వారీవాడు మందు పెట్టును. సమాధి యన్నచోట మనిషి క్షణమైనను ఆగును.

పాత పేర్లను తుడిచివేయ వలెనని మేము కోరుట లేదు. అవియును చరిత్రకు సాక్ష్యములే. హైదరాబాదు సంస్థానమున 1914లో పురావస్తు శాఖ ఏర్పడగా, దాని తొలి అధిపతి గులాం యజ్దానీగారు ఈ సమాధులను గూర్చి ఆంగ్లమున వ్రాసిరి. ఆ కృషిని మన భాషలలో కొనసాగించుట మన వంతు. కళాశాల కమిటీవారు ఒక పుస్తకమును తెరిపించిన, సెలవులకు ఇండ్లకేగు విద్యార్థులు తమ ఊరి పాతరాళ్ళ చోటును, కొలతలను, ఊరివారు పిలుచు పేర్లను తెలుగున, ఉర్దూలో, గోండీలో అందు వ్రాయగలరు. ఖర్చు స్వల్పము, ఫలము శాశ్వతము.