జవిచాయ్ అంటే సొంతూరేనా?

చివర్లో చాయ్ ఉంది కదా అని కప్పూ సాసరూ తెచ్చుకోకండి. క్రొయేషియాలోనూ టీని చాయ్ అనే అంటారు గానీ, ‘జవిచాయ్’కి దాంతో చుట్టరికం లేదు. దీని చుట్టం ‘ఒబిచాయ్’, అంటే ఆచారం. రెండూ ‘అలవాటు పడటం’ అనే మూలం నుంచి పుట్టినవే. మనిషికి అలవాటైన నేల జవిచాయ్. మన సొంతూరుకి దగ్గరి మాటే, కాకపోతే ఊరి పొలిమేర దగ్గర ఆగదు. చుట్టుపక్కల కొండలూ ఏరూ యాసా అన్నీ అందులోకే వస్తాయి. ఒక ప్రాంతపు పాత వస్తువుల్ని భద్రపరిచే మ్యూజియాన్ని అక్కడ ‘జవిచాయ్ని ముజేయ్’ అంటారు.

ఒకప్పుడు ఈ మాటకు చట్టబలమూ ఉండేది. ఆస్ట్రియా-హంగేరీ ఏలుబడిలో ‘జవిచాయ్నో ప్రావొ’ అనే హక్కు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరు మనిషిని వెళ్లగొట్టకూడదు. చితికిపోతే ఆదుకోవాలి కూడా!

మాతృదేశానికి మాత్రం వేరే మాటుంది... ‘దొమొవినా’. ఈ రెంటికీ ఉన్న తేడా నిఘంటువు కన్నా 1991లో వచ్చిన యుద్ధమే బాగా చెప్పింది. 87 రోజుల ముట్టడి తర్వాత నవంబరు 18న వుకోవర్ పట్టణం యుగోస్లావ్ సైన్యం, సెర్బు బలగాల చేతికి చిక్కింది. అక్కడి క్రొయేషియన్లు కట్టుబట్టలతో వచ్చి సముద్రతీరపు హోటళ్లలోనూ ఇతర పట్టణాల్లోనూ తలదాచుకున్నారు. ఉన్నది దొమొవినాలోనే, పోయింది జవిచాయ్. అందుకే వాళ్లని శరణార్థి అనే అర్థమొచ్చే ‘ఇజ్బ్యెగ్లిత్సా’ అనకుండా ‘ప్రొగ్నానిక్’ అన్నారు, అంటే తరిమేస్తే వచ్చినవాడని. ఆ ప్రాంతం తిరిగి పూర్తిగా క్రొయేషియా చేతికొచ్చింది 1998 జనవరి 15న. ఆరేళ్లు దాటిపోయాయి. హోటల్ గదిలో బడికెళ్లే వయసుకొచ్చిన పిల్లలకు జవిచాయ్ ఏదని చెప్పాలి?

బాధ ఒకవైపే లేదు. 1995 ఆగస్టులో క్రొయేషియా సైన్యం దాడి చేసినప్పుడు క్రాయినా ప్రాంతం నుంచి లక్షన్నరకు పైగా సెర్బులు ట్రాక్టర్ల మీద, కార్లలో సామాన్లు వేసుకుని వెళ్లిపోయారు. చాలామంది చేరింది సెర్బియాకే. అక్కడివాళ్లది తమ జాతే, తమ భాషే. సెర్బియన్‌లోనూ ఈ మాట జవిచాయే. అయినా అది సరిహద్దుకి అవతలే ఉండిపోయింది.

2013లో ఐరోపా సమాఖ్యలో చేరాక క్రొయేషియా కుర్రకారు చాలామంది జర్మనీకీ ఐర్లండుకీ పనికోసం వెళ్లారు. సెలవులకు బయల్దేరేటప్పుడు ‘దొమొవినాకి’ అంటే క్రొయేషియా అని తెలిసిపోతుంది. ‘జవిచాయ్‌కి’ అన్నారంటే మాత్రం ‘ఏ ఊరు?’ అని అడగాల్సిందే.