పాఠశాలలో ప్రాణరక్షక యంత్రము

ఊరి బడికి గంట కొనియిచ్చిన దాతలు గలరు. బల్లలు చేయించినవారు గలరు. పూర్వవిద్యార్థులు కూడి గదులు కట్టించిన గ్రామములును గలవు. ఈ దానములన్నియు శ్లాఘ్యములే. ఆ వరుసలో మరియొక వస్తువు చేరవలయునని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల ప్రజలకు విన్నవించుచున్నాము. అది ఏఈడీ యని వైద్యులు పిలుచు చిన్న యంత్రము. లయ తప్పి, రక్తమును నడపజాలక వణకుచున్న గుండెకు విద్యుదాఘాతమిచ్చి దానిని దారికి తెచ్చునది.

గుండెపోటు వేరు, గుండె హఠాత్తుగా ఆగుట వేరు. గుండెపోటు వచ్చినవాడు మాటాడుచునే యుండవచ్చును. గుండె ఆగినవాడు కుప్పకూలును, పిలిచిన పలుకడు, శ్వాస సరిగా నాడదు. ఇట్టి లయభంగమున ఏ సాయమును లేక గడచు ఒక్కొక్క నిమిషమునకు బ్రతుకు ఆశ నూటికి 7 మొదలు 10 పాళ్లు తగ్గునని వైద్యుల లెక్క. 2016లో ఈ మూడును జిల్లాలైనవి. మహబూబాబాదునకు 2022లో, జనగామ భూపాలపల్లులకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. 2005లో హైదరాబాదున మొదలైన 108 సేవ నేడు పల్లెలకును అందుచున్నది. సంతోషమే. కాని కొత్తగూడ, గంగారము మండలముల అడవిపల్లెలకు ఎంత వేగముగ బయలుదేరిన వాహనమైనను పది నిమిషములలో చేరుట దుర్లభము. ఆ పది నిమిషములును ఊరివారి చేతిలోనివే.

పసివారి గుండె ఆగుట అరుదు గదా, బడిలో నీ యంత్రమేల యని కొందరడుగవచ్చును. అరుదే, లేకపోలేదు. పుట్టుకతో దాగియున్న దోషముచేతను, ఆటలో బంతి రొమ్మునకు బలముగ తగులుటచేతను గుండె లయ తప్పవచ్చును. 1947లో అమెరికా దేశపు క్లీవ్‌లాండు నగరమున క్లాడ్ బెక్ అను వైద్యుడు విద్యుదాఘాతముతో మొట్టమొదట బ్రతికించినది 14 ఏండ్ల బాలునే. అంతేకాదు, బడియనిన పిల్లలు మాత్రమే కాదు. ఉపాధ్యాయులు, మధ్యాహ్న భోజనము వండు తల్లులు, ఓటు వేయవచ్చు వృద్ధులు, అందరును అచ్చటికే వత్తురు. బడిలోని యంత్రము ఊరి యంత్రమే.

1965లో బెల్ఫాస్టున పాంట్రిడ్జ్ అను వైద్యుడు వాహనమున నెక్కించిన యంత్రము సుమారు 70 కిలోల బరువు. నేటిది ఒంటిచేత మోయదగినది. రొమ్మున రెండు అట్టల నంటించినంతనే గుండె తీరును తానే పరీక్షించి, చేయవలసినది నోట చెప్పును. అవసరము లేనిదే ఆఘాతమీయదు. కావున భయమునకు తావు లేదు.

ఇది ప్రభుత్వము చేయవలసిన పని కాదా? అవును. ఇంగ్లండులో 2011లో ఒక బాలుడు బడి ఈతపోటీలో గుండె ఆగి మరణింపగా, తండ్రి ఏండ్ల తరబడి పోరాడెను. తుదకు 2023 నాటికి ప్రభుత్వమే అచ్చటి బడులకు 20,000లకు పైగా యంత్రములు పంచినది. మన ప్రభుత్వమును మనమును అడుగవలయును. అయితే అడిగినది వచ్చువరకు చేతులు ముడుచుకొని యుండరాదు.

1921లో బెజవాడ సభ తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్ప నిశ్చయించినపుడు ధనికుల సంచులనే నమ్ముకొనలేదు. సామాన్యుల అణాలును ఆ నిధిలో చేరినవి. నేడీ యంత్రపు వెల సుమారు లక్ష రూపాయలు. వేయి గడపల ఊరిలో ఇంటికి నూరు రూపాయలు వచ్చిన చాలును. భూపాలపల్లి ప్రాంతమున సింగరేణి సంస్థ యున్నది. 2013 నాటి కంపెనీల చట్టము లాభములలో కొంత పాలు ప్రజాహితమునకు వెచ్చింపుమన్నది. అచ్చటను అడుగుదము. అయినను చందా ఒక్కనిదే యైనచో యంత్రమెచ్చటనున్నదో ఆ ఒక్కనికే తెలియును. ఇంటింటిదైనచో ఊరంతకును తెలియును.

డబ్బు కూడుటతో పని తీరదు. అంటించు అట్టలు సుమారు రెండేండ్లకు, బ్యాటరీ నాలుగైదేండ్లకు మార్చవలయును. అందులకు కొంత సొమ్ము మొదటనే వేరుచేయవలయును. యంత్రమును ప్రధానోపాధ్యాయుని బీరువాలో తాళము వేసి దాచుట కొననిదానితో సమానము. అది పలుకు మాటలు ఇంగ్లీషున నున్నచో తెలుగున వ్రాసి ప్రక్కన నంటింపవలయును. యంత్రము వచ్చులోపల చేతులే యంత్రము: రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 మారులు, పెద్దవారికి సుమారు అయిదు సెంటీమీటర్ల లోతున నొక్కవలయును. ఈ సీపీఆర్ విద్యను 2023 మార్చినుండి తెలంగాణ ప్రభుత్వము ఊరూర నేర్పింప బూనినది. దానిని పదవ తరగతి పిల్లలకు నేర్పిన ఇంటింట ఒక రక్షకుడుండును.

ఏటేట రెండు జెండా పండుగలనాడు బడిముంగిట ఊరివారందరు కూడుదురు. ఆ దినములందు చందా లెక్కలను బహిరంగముగ చదివి, యంత్రమును తీసి చూపి, నొక్కుట అభ్యసింపజేయుడు. పఠనమందిరముల యువకులు ఈ వారమే చందా పుస్తకము తెరువవలయునని మా ప్రార్థన. కూలినవాని చుట్టు మూగి నీళ్లు చల్లుచు వాహనమునకై దారి చూచుట ఇకనైన మానుదము.